లీలావతిగారి మాటల క్లాసు

అమలాపురం మార్కెట్టు వీధిలో ఒక బట్టల కొట్టు ఉండేది. దాని పక్క సందులోంచి మెట్లెక్కి పైకి వెళ్తే జోజి టైపు ఇన్‌స్టిట్యూట్. బోర్డు మీద పేరు జోజిదే అయినా, దాన్ని నడిపేది ఆయన భార్య లీలావతి. ముందు గదిలో టైపు మిషన్లు, వెనక గదిలో ఆమె కాపురం.

జోజి డెబ్బయ్యారులో కువైట్ వెళ్ళాడు. మొదటి ఏడాది ఉత్తరాలు బాగానే వచ్చాయి. తరవాత క్రిస్మస్‌కి ఒకటి, ఈస్టర్‌కి ఒకటి వచ్చాయి. ఆ తరవాత రాలేదు. అక్కడినుంచి తిరిగివచ్చిన రాజోలు మనిషి ఒకాయన, జోజి అక్కడ వేరే కాపురం పెట్టాడని లీలావతి అన్నగారి చెవిన వేశాడు. అన్నగారు వచ్చి ఆ సంగతి చెల్లెలికి చెప్పి, వీధివైపు చూస్తూ కాసేపు కూర్చుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు.

అంతకుముందు ఆదివారాల్లో చర్చి గుడి దగ్గర ఆడవాళ్ళు జోజిగారు ఎప్పుడొస్తారని అడిగేవారు. సంగతి తెలిశాక మర్యాద కొద్దీ అడగడం మానేశారు. అడుగుతున్నప్పటికన్నా మానేశాకే ఆమెకి ఎక్కువ కష్టమైంది. ఆ ఒక్క ప్రశ్నా పోయాక వాళ్ళకి ఆమెతో మాట్లాడడానికి ఇంకేమీ మిగల్లేదు. ప్రార్థన అయ్యాక అందరూ చెట్ల కింద గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటుంటే, ఆమె గొడుగు తీసుకుని ముందే ఇంటికి నడిచేది.

పగలంతా మిషన్ల చప్పుడు. ముక్తేశ్వరం, ఐనవిల్లి, అల్లవరం వైపు నుంచి పిల్లలు బస్సుల్లోనూ సైకిళ్ళ మీదా వచ్చి లోయరు, హయ్యరు టైపు పరీక్షలకి నేర్చుకునేవారు. సాయంత్రం ఆఖరి బ్యాచి వెళ్ళిపోయి మిషన్ల మీద గుడ్డలు కప్పేశాక, ఆ మేడమీద ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, కింద కొట్టులో గుమాస్తా గుడ్డ చింపుతున్న చప్పుడు కూడా పైకి వినిపించేది.

ఆ రోజుల్లో మంగరాజు అనే కుర్రాడు ఆ ఇన్‌స్టిట్యూట్‌లో అందరికన్నా వేగంగా టైపు కొట్టేవాడు. కాకినాడలో ఒక ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వస్తే వెళ్ళి, మర్నాడు తిరిగొచ్చి, ఏమీ చెప్పకుండా తన మిషను ముందు కూర్చున్నాడు. లీలావతి దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగితే అప్పుడు చెప్పాడు. టైపు పరీక్ష బాగా చేశాడట. ఆ తరవాత ఆఫీసరు లోపలికి పిలిచి, మీ ఊరు ఎలా ఉంటుంది, చెప్పు అన్నాడట. అంతే. మంగరాజుకి నోరు పెగల్లేదు. ఆఫీసరు రెండోసారి అడిగాడు. మంగరాజు తన కాళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. సరే వెళ్ళమన్నాడు ఆఫీసరు.

"మీ ఊరి గురించి నీకు తెలీదా?" అంది లీలావతి.

"తెలుసండి. ఆయనకి చెప్పాలంటే రాలేదండి," అన్నాడు మంగరాజు.

ఆ మాట ఆమెని పట్టుకుంది. తను ఇన్నాళ్ళూ ఈ పిల్లలకి వేళ్ళు నేర్పింది గాని నోరు నేర్పలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళ ముందు తల వంచుకోవడమే వినయమని పెరిగిన పిల్లలు. ఆ తల వంపు కాకినాడ ఆఫీసులో చేతకానితనంగా కనిపిస్తోంది. మర్నాటి నుంచీ ఆఖరి బ్యాచి అయ్యాక, ఉండాలనుకున్న వాళ్ళు ఉండండని చెప్పింది. ఫీజు ఏమీ లేదంది. పిల్లలు దానికి మాటల క్లాసని పేరు పెట్టారు.

క్లాసంటే పెద్ద ఏర్పాటేమీ లేదు. లీలావతి బల్ల వెనక ఆఫీసరులా కూర్చునేది. పిల్లలు ఒక్కొక్కరూ బయట మెట్ల దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అండీ అని అడిగి, వచ్చి, కూర్చోమన్నాక కూర్చుని, ఆమె అడిగినదానికి ఆమె మొహంలోకి చూసి జవాబు చెప్పాలి. తెలియకపోతే తెలియదండి అని పైకి వినపడేలా చెప్పాలి. వినపడకపోతే ఇంకోసారి చెప్పమని అడగాలి. ఇవి విని మొదట పిల్లలు నవ్వారు. బల్ల ముందుకి వచ్చేసరికి ఆ నవ్వంతా పోయేది.

కొన్నాళ్ళకి ఆమె వాళ్ళని వీధిలోకి పంపడం మొదలుపెట్టింది. బస్టాండులో కంట్రోలరు దగ్గరికి వెళ్ళి రాజమండ్రి బస్సు ఎందుకు ఆలస్యమైందో కనుక్కుని రమ్మనేది. పోస్టాఫీసులో ఎవరైనా వరస తప్పించి ముందుకి వస్తే, కోపం లేకుండా, వెనక్కి తగ్గకుండా, నేను ముందున్నానండి అని చెప్పి రమ్మనేది. అన్నిటికన్నా కష్టమైంది కింద బట్టల కొట్టు. అక్కడికి వెళ్ళి నాలుగు రకాలు తీయించి చూసి, ఏదీ కొనకుండా, నచ్చలేదండి, నమస్కారం అని చెప్పి బయటికి రావాలి. కొట్టు యజమాని బాపిరాజుగారికి ముందే చెప్పి ఉంచింది. ఆయన సరదా మనిషి. పిల్లలు వచ్చినప్పుడల్లా కావాలని ఇంకో నాలుగు రకాలు తీయించేవాడు.

భూలక్ష్మి ఆ క్లాసుకి ఎనభయ్యో సంవత్సరంలో వచ్చింది. ముక్తేశ్వరంలో కొబ్బరికాయలు వలిచే బంగారయ్య కూతురు. ఇంటరు చదివింది. చామనచాయగా, బక్కగా, ఎప్పుడూ పైటకొంగు వేలికి చుట్టుకుంటూ ఉండేది. పేరడిగితే చెప్పేది గాని, ఆ మాట ఆమె పళ్ళు దాటి వచ్చేది కాదు. మొదటిసారి బట్టల కొట్టుకి పంపితే, జాకెట్టు గుడ్డ ఒకటి కొనుక్కుని ఏడుస్తూ పైకొచ్చింది. అంత శ్రమపడి తీసి చూపించేరు, వద్దనలేకపోయేనండి అంది. ఆ వారం బస్సుకి దాచుకున్న డబ్బులు అవి. బాపిరాజుగారు ఆ గుడ్డ వెనక్కి తీసుకున్నాడు. లీలావతి మాత్రం మర్నాడు భూలక్ష్మిని మళ్ళీ అక్కడికే పంపింది. ఆ మర్నాడూ పంపింది. ఒకరోజు భూలక్ష్మి ఉత్త చేతులతో పైకొచ్చి, తన మిషను మీద గుడ్డ తీసి టైపు కొట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె తప్పులు లేకుండా పేజీ పూర్తి చేసింది.

భూలక్ష్మి నిదానంగా తెరుచుకుంది. తెరుచుకున్నాక ఆమె దగ్గర మాటలు లేకపోవడం కాదు, చాలా ఉన్నాయని తెలిసింది. ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కే జనం గురించి, పొద్దున్నే కొబ్బరి డొక్కల గుట్ట మీద కూర్చుని వాళ్ళ అమ్మ వీరాయమ్మ పెట్టే తగవుల గురించి చెప్తుంటే లీలావతి చేస్తున్న పని ఆపి వినేది. మధ్యాహ్నం భోజనం వేళ మిగతా పిల్లలు వెళ్ళిపోయినా, భూలక్ష్మి తన గిన్నె తెచ్చుకుని వెనక గదిలో లీలావతితో కూర్చుని తినేది. ఇద్దరూ కూరలు మార్చుకునేవారు. కొన్నాళ్ళకి లీలావతి బియ్యం ఇద్దరికీ పోయడం మొదలుపెట్టింది. హయ్యరూ, షార్టుహ్యాండూ పాసయ్యాక భూలక్ష్మి అక్కడే కొత్తగా చేరిన పిల్లలకి నేర్పుతూ ఉండిపోయింది. మాటల క్లాసులో బల్ల వెనక కుర్చీ కూడా అప్పుడప్పుడు ఆమెదే. కొత్త పిల్లలు లీలావతికన్నా భూలక్ష్మికి ఎక్కువ భయపడేవారు.

ఆ రోజుల్లో లీలావతి ఆదివారం గుడి దగ్గర కూడా కాస్త ఆగేది. మా భూలక్ష్మి ఇలా అంది, అలా అంది అని వాళ్ళతో చెప్పడానికి ఆమెకి ఒక సంగతి ఉండేది.

ఎనభై రెండులో కాకినాడ నుంచి భూలక్ష్మికి ఒక ఇంటర్వ్యూ వచ్చింది. లీలావతి ఆమెని ఎదురుగా కూర్చోపెట్టి ప్రశ్నలు అడిగి, ఇంకా తడబడుతున్నావు, ఈసారికి వద్దులే అంది. భూలక్ష్మి సరేనండి అంది. కొన్ని నెలలకి రాజమండ్రి నుంచి ఇంకోటి వచ్చింది. అప్పుడూ లీలావతి ఇంగ్లీషు సరిపోదు, పరువు పోతుంది అంది. అప్పుడూ భూలక్ష్మి సరేనండి అంది. మంగరాజుకి ఆ మధ్యే విజయవాడలో ఉద్యోగం వచ్చింది. ఐనవిల్లి గుడిలో కొబ్బరికాయ కొట్టి ప్రసాదం తెచ్చి ఇచ్చాడు. భూలక్ష్మి కన్నా అతని ఇంగ్లీషు చాలా తక్కువ. ఆ సంగతి లీలావతికి తెలుసు. తెలిసీ దాని గురించి ఆలోచించకుండా ఉండడం ఆమె అలవాటు చేసుకుంది.

మరుసటి ఏడు వానాకాలంలో, విశాఖపట్నంలో ఓడల సరుకు చూసే ఒక కంపెనీకి స్టెనోలు కావాలని పేపర్లో పడింది. ఇంటర్వ్యూలు కాకినాడలోనే. భూలక్ష్మి అర్జీ పెట్టుకుంది, పిలుపూ వచ్చింది. ఆ మధ్యాహ్నం వాన కురుస్తోంది. కిటికీ పక్క మిషను మీద జల్లు పడుతుంటే ఇద్దరూ కలిసి దాన్ని లోపలికి జరిపారు. అప్పుడు భూలక్ష్మి ఆ సంగతి చెప్పింది.

లీలావతి చేతులు తుడుచుకుంటూ, "విశాఖపట్నమా. ఒక్కదానివే ఎలా ఉంటావు? ఇంకా నీకు పూర్తిగా రాలేదు. వచ్చే ఏడు చూద్దాంలే," అంది.

భూలక్ష్మి వెళ్ళి బల్లకి ఇటువైపు, పిల్లలు కూర్చునే చోట కూర్చుంది. పైటకొంగు వేలికి చుట్టుకోలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"నాకొచ్చండి, మేడంగారూ," అంది. "పోయినసారీ వచ్చు. అంతకు ముందుసారీ వచ్చు. మీరు వద్దన్నారని ఆగేనండి."

"నేనేదో నీ మంచికే..."

"మీకు నేను ఇక్కడుండాలని ఉందండి. అది నాకు తెలుసండి. ఆ మాటే మీరు నాతో చెప్పుంటే నేను ఆలోచించుకునేదాన్ని. బహుశా ఉండిపోయేదాన్నేమో కూడానండి. కానీ నాకు రాదని చెబితే మట్టుకు ఒప్పుకోలేనండి. ఈసారి నేను వెళ్తాను."

గొంతు పెంచలేదు. కళ్ళు దించలేదు. అండీ అన్న మాట ఒక్కచోట కూడా తగ్గించలేదు. ఎవరైనా పరాయి పిల్ల ఇలా మాట్లాడితే లీలావతి మిగతా పిల్లల్ని పిలిచి చూడండ్రా అని చెప్పి ఉండేది. ఇప్పుడు ఆమెకి ఒళ్ళంతా మండింది. ఇంటికెళ్ళు, వాన పెద్దదయ్యేలా ఉంది అని మాత్రం అంది. భూలక్ష్మి గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం బ్యాచికి లీలావతి పరధ్యానంగానే పాఠం చెప్పింది. అందరూ వెళ్ళాక వంట మొదలుపెట్టి, బియ్యం కడుగుతూ ఆగిపోయింది. ఈ పిల్ల ఎంత మాట అంది అని ముందు కోపం. జోజి ఒక్క మాటైనా చెప్పకుండానే దూరమయ్యాడు, ఈమె కనీసం చెప్పి వెళ్తోంది అని తరవాత అనిపించింది. అలా అనుకున్నాక కోపం నిలవలేదు. కోపం పోయిన చోట మిగిలింది భయం. ఈ గదిలో రేపటినుంచి మళ్ళీ ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. తన భయం కోసం ఒక పిల్లని చేతకానిదని నమ్మించబోయింది. మొదటి రోజు బట్టల కొట్టు నుంచి ఏడుస్తూ వచ్చిన ఆ పిల్లనే.

మర్నాడు భూలక్ష్మి వస్తుందో రాదో అనుకుంది. మామూలు వేళకే వచ్చింది. లీలావతి బల్ల వెనక కూర్చుని, బయటికెళ్ళి తలుపు తట్టి రా అంది. ఆ ఉదయమంతా ఆమెని అడగవలసినవన్నీ అడిగింది. మెత్తగా కాదు, కాకినాడలో ఎవరూ అడగనంత గట్టిగా అడిగింది. చివరికి, "ఇంత దూరం ఊరు వదిలి రావడం ఎందుకు, మీ వైపు పనులు లేవా?" అంది.

భూలక్ష్మి కాస్త ఆలోచించి చెప్పింది. "మా ఊళ్ళో నేనెవరి అమ్మాయినో అందరికీ తెలుసండి. నాకేం వచ్చో ఎవరికీ తెలీదండి. అది తెలిసే చోట పని చేయాలనుందండి."

లీలావతి, అక్కడ కూడా ఇలాగే చెప్పు అంది.

భూలక్ష్మి ముక్తేశ్వరం రేవు దాటి కోటిపల్లి మీదుగా కాకినాడ వెళ్ళింది. ఉద్యోగం వచ్చింది. విశాఖపట్నంలో ఆడపిల్లలు ఉండే హాస్టల్లో చోటు కూడా కంపెనీవాళ్ళే చూపించారు. వెళ్ళే రోజున తల్లీ తండ్రీ రేవు దాకా వచ్చారు. లీలావతి కూడా వెళ్ళింది. అక్కడ అందరూ చెప్పే మాటలే ఆమే చెప్పింది. జాగ్రత్తగా ఉండు, ఆరోగ్యం చూసుకో, ఆదివారాలు ఒక్కదానివే తిరక్కు. చెప్పాలనుకున్నది ఇంకోటి ఉంది. అది మాత్రం చెప్పలేకపోయింది. పంటు కదిలాక భూలక్ష్మి చెయ్యి ఊపింది. వీరాయమ్మ ఏడుస్తూ గట్టు మీదే కూలబడిపోయింది. బంగారయ్య నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. లీలావతి వాళ్ళకి నమస్కారం చెప్పి బస్సెక్కింది.

ఆ తరవాత కొన్నాళ్ళు ఆమె మాటల క్లాసు పెట్టలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పింది. పిల్లలు రెండు మూడు రోజులు చూసి, ఆఖరి బ్యాచి అవగానే వెళ్ళిపోవడం అలవాటు చేసుకున్నారు. మధ్యాహ్నం తను వండుకున్నది తనకే ఎక్కువయ్యేది. మిగిలింది సాయంత్రం తినేది. రేడియో పెట్టుకునేది గాని, వార్తలు అయ్యాక ఏం విన్నదో ఆమెకే గుర్తుండేది కాదు. ఆదివారం గుడి నుంచి మళ్ళీ అందరికన్నా ముందే ఇంటికి నడిచేది. ఒక రోజంతా టైపు క్లాసులో చెప్పే మాటలు తప్ప వేరే మాట తన నోట రాలేదని ఆమె గమనించింది. ఆ మర్నాడూ అలాగే గడిచింది. భూలక్ష్మి నుంచి ఉత్తరాలు వచ్చేవి. ఆఫీసు సంగతులు, హాస్టలు సంగతులు ఉండేవి. లీలావతి జవాబులు రాసేది. క్షేమం అని మొదలుపెట్టి క్షేమం అని ముగించేది.

సంక్రాంతి దాటి మాఘమాసం వచ్చాక, ఒక శనివారం సాయంత్రం బంగారయ్య మెట్లెక్కి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, పెద్దవాళ్ళతో అన్నట్టు ఆయ్ అని అక్కడే నిలబడ్డాడు. రెండోసారి అంటే వచ్చాడు. కుర్చీలో కూర్చోడానికి ఒప్పుకోక గోడ వారన ఉన్న బల్ల చివర కూర్చున్నాడు. పీచు పనిచేసే మనిషి చేతులు. వేళ్ళ సందుల్లో పగుళ్ళు నల్లబడి ఉన్నాయి.

కూతురు కార్డు రాసిందట. పోస్టుమాను చదివి పెట్టాడట. రేపు ఆదివారం మధ్యాహ్నం అమలాపురం టెలిఫోను ఆఫీసుకి నాన్న రావాలి, ఆఫీసు నుంచి తను ట్రంకాల్ చేస్తుంది అని. పండక్కి సెలవు దొరక్క రాలేకపోయింది, అందుకని. వీరాయమ్మని రమ్మంటే, నేనెల్తే ఏడుపే తప్ప మాట రాదు, నువ్వే ఎల్లు అందట.

"నేనెప్పుడూ ఫోను ముట్టుకోలేదండి, అమ్మగారూ," అన్నాడు బంగారయ్య. "ఎదర మడిసి లేకండా ఎలా మాటాడతారండి? మా పిల్లకి మీరే కదండీ మాట నేర్పేరు. నాకూ ఓ నాలుగు ముక్కలు సెప్పండి."

లీలావతికి నవ్వొచ్చింది. చాలా రోజుల తరవాత వచ్చిన నవ్వు. బోర్డు తుడిచే చెక్క డస్టరు తెచ్చి ఆయన చేతికిచ్చి, ఒక చివర చెవికి, ఇంకో చివర నోటికి ఎలా పెట్టుకోవాలో చూపించింది. తను గదికి అటు చివర, ఆయనకి కనపడకుండా తలుపు వెనక నిలబడి, హలో అంది. బంగారయ్య లోపలికి తొంగి చూడబోయాడు. చూడకూడదు అని చెప్పింది. అప్పుడు డస్టరు రెండు చేతులా పట్టుకుని, "అమ్మా భూలచ్చిమీ, నేను మీ నాన్ననమ్మా," అన్నాడు. అక్కడ ఆగిపోయాడు.

అక్కడ అమ్మాయి బాగున్నావా నాన్నా అంటుంది, మీరు బాగున్నానని చెప్పాలి, అమ్మ సంగతి చెప్పాలి, నువ్వెలా ఉన్నావని అడగాలి, మూడు నిమిషాలే ఉంటుంది కాబట్టి నాన్చకుండా చెప్పాల్సింది ముందే చెప్పేయాలి, అని లీలావతి వివరించింది. ఆయన బుద్ధిగా విన్నాడు. మళ్ళీ మళ్ళీ చేశారు. నాలుగోసారో ఐదోసారో ఆయన డస్టరు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"అమ్మగారూ, బెంగగా ఉందమ్మా అని సెప్పొచ్చాండి? సెబితే ఉజ్జోగం మానేసి వచ్చేత్తాదేమోనని బయ్యంగా ఉందండి. సెప్పకపోతే గుండెల్లో పెట్టుకుని తిరగాల్సొత్తంది."

లీలావతి తలుపు వెనకనుంచి ఇవతలికి వచ్చి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెప్పండి," అంది. "బెంగగా ఉందని చెప్పండి. చెప్పి, అయినా నువ్వు రావద్దమ్మా, పని మానొద్దు అని కూడా చెప్పండి. రెండూ చెప్పండి. ఒకటే చెబితే పిల్లకి తప్పుగా అర్థమవుతుంది."

బంగారయ్య తలూపాడు. రెండూ అని పైకే అనుకున్నాడు.

మర్నాడు లీలావతి గుడి నుంచి నేరుగా టెలిఫోను ఆఫీసుకి వెళ్ళింది. బంగారయ్య అప్పటికే ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల గుమాస్తా వాళ్ళని చూసి బల్ల మీద కూర్చోమన్నాడు. చెప్పిన వేళ దాటింది. ఎవరో ఒకతను వచ్చి హైదరాబాదుకి కాల్ బుక్ చేసుకుని గట్టిగా అరుస్తూ మాట్లాడి వెళ్ళాడు. బంగారయ్య ఫోను పట్టుకున్న అతని చేతులవైపే చూశాడు. ఆ తరవాత గంట మోగింది. విశాఖపట్నం, ముక్తేశ్వరం బంగారయ్య ఎవరండీ అన్నాడు గుమాస్తా.

ఆయన బూత్‌లోకి వెళ్ళాడు. తలుపు వేసుకోవడం తెలియక తెరిచే ఉంచాడు. అందుకని ప్రతి మాటా బయటికి వినపడింది. ఆయన మొదట నేర్చుకున్న వరసలోనే చెప్పాడు. బాగున్నాం, అమ్మ బాగుంది, గేదె ఈనింది. తరవాత గొంతు కాస్త మారింది. "బెంగగా ఉందమ్మా మాకు," అన్నాడు. అవతల ఏమందో వినపడలేదు. "రావద్దు, రావద్దు. పని మానొద్దు. బెంగ బెంగే, పని పనే. అది నీకు సెప్పాలని సెప్పేనంతే," అన్నాడు. ఆ తరవాత కాసేపు ఆయ్, ఆయ్ అంటూ విన్నాడు. అలవాటు కొద్దీ కూతురికే ఆయ్ అంటున్నానని ఆయన గమనించలేదు. చివరికి ఫోను జాగ్రత్తగా రెండు చేతులతో లీలావతివైపు చాచాడు. మీతో మాటాడతాదంటండి అన్నాడు.

లీలావతి లోపలికి వెళ్ళింది. గరగరమనే చప్పుడు మధ్య మేడంగారూ అన్న పిలుపు వినపడింది. మీరు వచ్చేరని నాన్న చెప్పేడండి అంది భూలక్ష్మి. ఎలా ఉన్నారని అడిగింది.

క్షేమం అనబోయి లీలావతి ఆగింది.

"నువ్వు వెళ్ళాక ఏమీ బాగోలేదు భూలక్ష్మీ," అంది. "అన్నం సయించట్లేదు. సాయంత్రాలు తోచట్లేదు. రేవులో చెప్పాల్సిన మాట ఇది. అప్పుడు చెప్పలేకపోయాను."

భూలక్ష్మి గొంతు నెమ్మదిగా వచ్చింది. "నాకూ ఇక్కడ అలాగే ఉంటుందండి. ఆఫీసులో బాగానే మాట్లాడతానండి. గదికొచ్చాక మాట్లాడ్డానికెవరూ ఉండరండి."

"మరి ఉత్తరాల్లో రాయలేదే?"

"మీరూ రాయలేదు కదండీ."

ఇద్దరూ ఒకేసారి ఏదో అనబోయారు. ఆపరేటరు టైమైందని చెప్పాడు. ఈసారి ఉత్తరంలో అన్నీ రాయి అంది లీలావతి. మీరూ రాయండి అన్న మాట సగంలో తెగిపోయింది.

బయటికొచ్చాక ఇద్దరూ బస్టాండు దాకా కలిసి నడిచారు. ఎండ బాగా ఉంది. ఆదివారం కావడంతో కొట్లన్నీ మూసి ఉన్నాయి. బంగారయ్య ముఖంలో తేలిక కనిపించింది. బస్సు ఎక్కబోతూ, మా ఇంటిదానికి మీరు చెప్పినట్టే మళ్ళీ మొత్తం వినిపిస్తానండి అన్నాడు. ఎప్పుడైనా ముక్తేశ్వరం రమ్మన్నాడు. లీలావతి వస్తానంది. మర్యాదకి కాకుండా, వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక వస్తాను, వీరాయమ్మగారికి చెప్పండి అంది. ఆయన ఆశ్చర్యపడి, ఆయ్, తప్పకండా అండి అన్నాడు.

బస్సు వెళ్ళిపోయాక ఆమె మార్కెట్టు వీధిలోకి తిరిగింది. మేడ మెట్లెక్కి తలుపు తీస్తే గది ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. పొయ్యి వెలిగించి ఒక్కరికి సరిపడా బియ్యం పోసింది. అన్నం ఉడికేలోపు కాగితం తీసుకుని కిటికీ దగ్గర కూర్చుని, భూలక్ష్మికి ఉత్తరం మొదలుపెట్టింది. ఈ పూట ఎండ గురించి, మూసి ఉన్న కొట్ల గురించి, వాళ్ళ నాన్న డస్టరు పట్టుకున్న తీరు గురించి రాసింది. రాస్తూ ఉంటే సాయంత్రం అయింది. మధ్యలో లేచి దించిపెట్టిన అన్నం చల్లారిపోయింది. తనొక్కతే కూర్చుని ఆ చల్లటి అన్నమే తింది.

సోమవారం ఆఖరి బ్యాచి అయ్యాక పిల్లలు మిషన్ల మీద గుడ్డలు కప్పి చెప్పులు తొడుక్కుంటున్నారు. ఆమె బల్ల వెనక్కి వెళ్ళి కూర్చుని, ఉండాలనుకున్న వాళ్ళు ఉండండి అంది. కొత్త పిల్లలకి ఆ మాట అర్థం కాలేదు. పాతవాళ్ళు ఇద్దరు చెప్పులు మళ్ళీ విప్పి, మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.